వంకాయ చేయని నేరం

గంగారంలోని మా మదర్సాలో ఒక బాలుడికి రెండేళ్లపాటు మేము వంకాయ పెట్టలేదు. గుడ్డు, చేప, కందిపప్పు, గోధుమ రొట్టె కూడా పెట్టలేదు.

ఒక వలీమా విందులో బఘారా బైంగన్ తిన్న పావుగంటకే అతడి పెదవులు ఉబ్బాయి, ఒంటినిండా దద్దుర్లు లేచాయి. వంకాయ దురద పుట్టిస్తుందని మన ఇళ్లలో అనుకునేదే కనుక నేరాన్ని దానిపైనే మోపాము. తర్వాత చేయించిన రక్తపరీక్ష మరో నాలుగు పదార్థాల పేర్లు చూపింది. ఆ కాగితాన్ని వంటగది గోడకు అంటించింది మేమే. తోటి పిల్లలు దస్తర్‌ఖాన్‌పై రొట్టె తుంచుకుంటుంటే అతడు పెరుగన్నం తిని లేచిపోయేవాడు. తొమ్మిదేళ్లు నిండినా ఏడేళ్లవాడిలా ఉండేవాడు.

మొన్న సంక్రాంతికి పొరుగువారు ప్రేమతో పంపిన సకినాలు తిని మళ్లీ ఉబ్బాడు. ఈసారి వాంతి, దగ్గు కూడా వచ్చాయి. అతడు తేరుకున్నాక నర్సంపేట మీదుగా వరంగల్ తీసుకువెళ్లాము. అక్కడి అలర్జీ వైద్యుడు మా కాగితాన్ని పక్కన పెట్టి ప్రశ్నలు వేశారు. ఏమి తిన్నాడు? ఎంత? ఎన్ని నిమిషాలకు మొదలైంది? గుడ్డు తిని ఎప్పుడైనా బాధపడ్డాడా? లేదన్నాము.

"మరి ఎందుకు మాన్పించారు మౌలానా సాబ్?"

మా వద్ద సమాధానం లేదు. రక్తంలో ఐజీఈ కనిపించినంత మాత్రాన అలర్జీ ఉన్నట్లు కాదని, తిన్నప్పుడు లక్షణాలు కూడా రావాలని ఆయన వివరించారు.

సకినాలలో వంకాయ ఉండదు. బఘారా బైంగన్‌లోనూ సకినాలలోనూ ఉండేవి నువ్వులు. దురద మాత్రలు కొన్ని రోజులు ఆపించి, ముంజేతిపై చుక్కలు వేసి సన్నని సూదితో గుచ్చి చూశారు. నువ్వుల చుక్క దగ్గర పెద్ద దద్దు లేచింది. మాన్పించిన పదార్థాలను మాత్రం ఆసుపత్రిలోనే, మందులు సిద్ధంగా ఉంచుకుని, వేర్వేరు రోజుల్లో చిటికెడుతో మొదలుపెట్టి పెంచుతూ తినిపించారు. ఏమీ కాలేదు. (ఇది ఇంట్లో చేసి చూడవలసిన పరీక్ష కాదని తల్లులు గమనించాలి.)

అమెరికాలో 2023 జనవరి నుంచి ప్యాకెట్లపై నువ్వుల పేరు తప్పక ముద్రించాలి. మన విందుల్లో మిర్చీ కా సాలన్ గిన్నెపై ఏ చీటీ ఉంటుంది? వడ్డించేవారిని అడగాల్సిందే. నువ్వుల నూనెతో పెట్టిన పచ్చడి కూడా ఆ పిల్లవాడికి నిషిద్ధమే. గరిటె కూడా వేరుగా ఉంచాలి. దద్దుర్లకు సెట్రిజిన్ సరిపోవచ్చు. ఊపిరి అందకపోతే, గొంతు మారితే, సొమ్మసిల్లితే మాత్రం దానితో కాలయాపన చేయరాదు. తొడ వెలుపలి కండరంలో అడ్రినలిన్ సూది పడాలి. కనుక వెంటనే 108కు ఫోన్ చేయాలి.

గోడమీది పాత కాగితాన్ని చించివేశాము. ఆ పిల్లవాడిని పిలిచి, రెండేళ్ల ఆకలికి మాఫీ అడిగాము. అతడు సిగ్గుపడి, రేపు గుడ్డు వండుతారా అని అడిగాడు.