మగ్గం కొన్నట్టే కంప్యూటర్ కొన్నాడు

సూరత్‌లోని పర్వత్ పాటియా ప్రాంతంలో పాత మగ్గం కొనడానికి వెళ్లినవాడు ముందుగా ధర అడగడు. ఇన్నాళ్లూ దాని మీద ఏ బట్ట నేశారు, ఇకపై తాను ఏ బట్ట నేయాలి, దుకాణదారు ఏ బట్ట కొంటాడు? ఇవి తేలాకే బేరం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పద్మశాలి కుటుంబాలకు ఈ లెక్క ఒకరు చెప్పాల్సిన పని లేదు. తెలుగు మీడియం మునిసిపల్ బడులు ఉన్న ఊరిది. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ దాకా ఎవరి బెర్తులు ఎక్కడ ఖాళీ అవుతాయో కూడా చెప్పగలిగినవారు ఇక్కడ ఉన్నారు.

అలాంటి ఇంట్లో పుట్టి, ఇప్పుడు ఓ చీరల వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తున్న నలభయ్యేళ్ల మనిషి 2025 చివర్లో ఒక కంప్యూటర్ కోసం తిరగడం మొదలుపెట్టాడు. అతనికి కావలసింది ఆఫీసు పనికో, ఆటలకో కాదు. ఇంట్లో ఓ మూల పడుండి, పాత వీడియోలను ఏ తెర అడిగితే ఆ తెరకు సరిపడేలా మార్చి పంపే పెట్టె కావాలి.

అవసరం వానతో వచ్చింది. 2025 జూన్‌లో కురిసిన భారీ వర్షాలకు ఖాడీలు పొంగి పర్వత్ పాటియా, లింబాయత్ ప్రాంతాల్లోకి నీళ్లొచ్చాయి. సూరత్‌కు ఇది కొత్త కాదు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది నగరంలో చాలా భాగాన్ని ముంచేసింది. ఈసారి నీళ్లు అతని ఇంటి కింది గదిలోని రేకు పెట్టె అడుగును తాకాయి. అందులో వీహెచ్ఎస్ క్యాసెట్లు, వాటి తర్వాతి తరం చిన్న డీవీ క్యాసెట్లు, గీతలు పడిన వీసీడీలు కలిపి దాదాపు 60 గంటల జ్ఞాపకాలున్నాయి. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, లింబాయత్‌లో ఆడిన బతుకమ్మ. అన్నిటికంటే ముఖ్యం 1997 నాటి అక్క పెళ్లి క్యాసెట్. అప్పగింతలప్పుడు తండ్రి కొద్దిసేపు మాట్లాడాడు. ఆయన పోయి చాలాకాలమైంది. ఆయన గొంతు మరెక్కడా లేదు.

తల్లి ఇప్పుడు సిరిసిల్ల దగ్గర సొంతూళ్లో ఉంటోంది. నీళ్ల సంగతి విన్న రోజే ఫోన్లో అడిగింది. "బిడ్డా, మీ బాపు మాట్లాడేది గా క్యాసెట్ల ఉన్నది గదా, అదన్న మంచిగున్నదా?"

ఉంది. కానీ చూడాలంటే వీసీఆర్ కావాలి. వీసీఆర్‌లు తయారుచేస్తూ మిగిలిన చివరి పెద్ద సంస్థ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జూలైలోనే ఆ పని మానేసింది. పెళ్లి వీడియోలు తీసే దుకాణంలో ఇంకా నడుస్తున్న ఓ పాత వీసీఆర్ దొరికింది. గంటకు ఇంత అని మాట్లాడుకుని క్యాసెట్లను డీవీ ఫైళ్లుగా ఎక్కించుకున్నాడు. గంట వీడియోకు 13 జీబీ. 60 గంటలకు 780 జీబీ. క్యాసెట్లలోని బొమ్మ కంప్యూటర్‌లోకి చేరింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

చూడాల్సినవాళ్లు మూడు చోట్ల ఉన్నారు. సూరత్ ఇంట్లోని స్మార్ట్ టీవీ డీవీ ఫైలును గుర్తుపట్టనే లేదు. భివండీలో ఉన్న అక్క ల్యాప్‌టాప్‌లో చూస్తుంది. తల్లికి ఉన్నది ఓ మామూలు ఫోను, రోజుకు ఒకటిన్నర జీబీ డేటా. ఆ లెక్కన ఒక్క గంట వీడియో ఆమెకు దాదాపు తొమ్మిది రోజుల కోటా. దీనికి తోడు ఇంట్లో పిల్లల కొత్త ఫోన్లు తీసే వీడియోలు హెచ్.265 పద్ధతిలో ఉంటాయి. అవి పాత తెరలకు కొరుకుడు పడవు.

ఒక పద్ధతిలో ఉన్న వీడియోను విప్పి, మరో పద్ధతిలో మళ్లీ కట్టడాన్నే ట్రాన్స్‌కోడింగ్ అంటారు. నేత ఇళ్లలో చెప్పాలంటే చిలప నూలును కండెలకు చుట్టడం. నూలు అదే, మగ్గానికి పట్టేలా రూపం మారుతుంది. తేడా ఒక్కటే. వీడియోను మళ్లీ కట్టిన ప్రతిసారీ పోగు కొంచెం అరుగుతుంది.

ఎలాంటి కంప్యూటర్ కొనాలని అడిగితే సలహాలకు లోటేముంటుంది! భివండీలో ఇంజనీరింగ్ చదువుతున్న మేనల్లుడు తేల్చి చెప్పాడు. "మామా, గ్రాఫిక్స్ కార్డు లేకుంటే అది సర్వర్ ఎట్లయితది?" చవకలో దొరికే జీటీ 1030 కార్డు పేరు కూడా సూచించాడు. కుర్రవాళ్లు సాధారణంగా పడే బోల్తా ఇదే. ఆ కార్డు వీడియోను విప్పగలదు. కట్టే యంత్రాంగం అందులో లేదు. అంటే ఈ పనికి సగం మగ్గం కొన్నట్టు.

రాస్ప్‌బెర్రీ పై మాటా వచ్చింది. అరచేతిలో ఇమిడే బోర్డు, కరెంటు తక్కువ. కానీ 2023లో వచ్చిన ఐదో తరం బోర్డులో హెచ్.265ను విప్పే సదుపాయం మాత్రమే ఉంచి, నాలుగో తరంలో ఉన్న వీడియో కట్టే యంత్రాంగాన్ని తీసేశారు. ఇతర పనులకు అది మంచి బోర్డే కావచ్చు. ఈ పనికి కాదు.

అటక మీద 2012 నాటి పాత డెస్క్‌టాప్ ఉంది. ఉచితం కదా అని దించాడు. ప్లగ్గుకు మీటరు తగిలించి చూస్తే, ఏ పనీ చేయకుండా కూర్చున్నప్పుడే 60 వాట్లు తింటోంది. రోజంతా, ఏడాదంతా నడిస్తే 525 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా ఏటా రూ. 3,600 పైమాటే. పైగా అది హెచ్.265 రాకముందు నాటి యంత్రం. పిల్లల ఫోన్ వీడియో పెడితే ఫ్యాను విమానంలా మోగింది, బొమ్మ మాత్రం నత్తలా కదిలింది. ఉచితంగా వచ్చిన యంత్రం అన్నిటికంటే ఖరీదైనదని లెక్కలు చూసేవాడికి తెలియడానికి ఎంతసేపు!

ఈ పనికి ప్రాసెసర్ బలం కంటే అందులో వీడియో కోసమే కేటాయించిన చిన్న భాగం ముఖ్యం. ఇంటెల్ 2011 నుంచి చాలా ప్రాసెసర్లలో క్విక్ సింక్ పేరుతో ఈ భాగాన్ని పెడుతోంది. ఏడో తరం నుంచి అది పది బిట్ల హెచ్.265ను కూడా సొంతంగా విప్పి కట్టగలదు. ఆ పని చేస్తున్నంతసేపూ మిగతా ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంటుంది. కొనేవారు చూసుకోవాల్సింది పేరు చివర ఉన్న అక్షరం. 'ఎఫ్' ఉంటే అందులో గ్రాఫిక్స్ భాగం ఉండదు, దాంతోపాటు క్విక్ సింక్ కూడా. దుకాణంలో ఆ మోడల్ కొంచెం చవకగా దొరకడానికి కారణం అదే.

ఇక్కడ కాలం కలిసొచ్చింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఎక్కుతుంది, ఏడో తరంలో వేళ్ల మీద లెక్కపెట్టదగిన కొన్ని మోడళ్లు తప్ప. దాంతో ఆఫీసులు వదిలించుకుంటున్న ఏడో తరం చిన్న కంప్యూటర్ల ధర పడిపోయింది. వాటికి వచ్చిన రోగమేమీ లేదు. 2017లో జీఎస్టీ వచ్చాక సూరత్ షెడ్లలో పాత షటిల్ మగ్గాలు తుక్కు కింద కిలోల లెక్కన వెళ్లిపోవడం చూసినవాళ్లకు ఇది కొత్త దృశ్యం కాదు. యంత్రం నడుస్తూనే ఉంటుంది, బజారు మాత్రం దాన్ని దాటి వెళ్లిపోతుంది. ఇంటి సర్వర్‌కు విండోస్ అక్కర్లేదు, లినక్స్ చాలు. వీడియో పనికి సంబంధించినంత వరకు ఏడో తరానికీ ఎనిమిదో తరానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ధరలో మాత్రం మూడు నాలుగు వేల తేడా ఉంది.

ఎన్100 అనే 2023 నాటి ఇంటెల్ చిప్‌తో వచ్చే కొత్త పెట్టెలనూ అతను చూశాడు. కరెంటు ఇంకా తక్కువ తీసుకుంటాయి, ఏవీ1 అనే కొత్త పద్ధతి వీడియోనూ విప్పుతాయి. కొన్నిటికి ఫ్యాను కూడా ఉండదు. మగ్గాల దుమ్ము ఉన్న ఇంటికి అది చిన్న విషయమేమీ కాదు. డబ్బుంటే అదే కొనాలి, సందేహం లేదు. కానీ దాని ధర రెట్టింపుకు దగ్గరగా ఉంది. మిగిలే సొమ్ముతో కొనాల్సింది ఇంకొకటి ఉందని అతనికి తెలుసు.

దుకాణానికి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లాడు. నూలు కండె పట్టుకెళ్లి మగ్గం మీద నాలుగు అంగుళాలు నేసి చూసే అలవాటు ఉన్న ఇల్లు కదా. పెన్‌డ్రైవ్‌లో లినక్స్, తన ఫైళ్లు మూడు: ఒక డీవీ ముక్క, ఒక వీసీడీ, పిల్లల ఫోన్ వీడియో. పుస్తకమంత పెట్టె, లోపల ఐ5-7500టీ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. ఫోన్ వీడియోను హెచ్.264లోకి మార్చమంటే ఫ్యాను చప్పుడు కూడా పెంచకుండా మార్చేసింది. రూ. 8,500కు బేరం కుదిరింది. అప్పటికే కొత్త ర్యామ్ ధరలు పెరుగుతున్నాయి, పెట్టెలోనే ఉన్న ర్యామ్ కలిసొచ్చింది. ఇంటికొచ్చి మీటరు తగిలిస్తే, ఖాళీగా ఉన్నప్పుడు 12 వాట్లు. అటక మీది డెస్క్‌టాప్‌తో పోలిస్తే మూడేళ్లలో కరెంటు బిల్లే దీని ధర తిరిగిస్తుంది.

సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు కాలేదు. పేరున్న ప్లెక్స్‌లో ఈ వీడియో యంత్రాంగాన్ని వాడుకోవాలంటే చందా కట్టాలి. 2018లో మొదలైన జెల్లీఫిన్ పూర్తిగా ఉచితం. లోపల అసలు పని చేసేది ఫ్రాన్స్‌కు చెందిన ఫాబ్రిస్ బెలార్డ్ 2000లో ప్రారంభించిన ఎఫ్ఎఫ్ఎంపెగ్. ఇంటి బయటి నుంచి చూసేందుకు కుటుంబం ఫోన్లకు మాత్రమే దారిచ్చే వీపీఎన్ పెట్టాడు. కొత్త సినిమాలు కూడా పెట్టమని బావ అడిగాడు. ఆ సంగతి తర్వాత చూద్దామని దాటేశాడు.

చిత్రమేమిటంటే, ఇంత వెతికి కొన్న యంత్రానికి పని తగ్గించడమే అతను చేసిన తెలివైన పని. అడిగిన ప్రతిసారీ డీవీ ఫైలును మార్చి పంపే బదులు, అన్ని తెరలకూ అర్థమయ్యే హెచ్.264లోకి ఒక్కసారే మార్చి పెట్టుకున్నాడు. దీనికి మాత్రం క్విక్ సింక్ వాడలేదు. అది వేగంగా కడుతుంది కానీ, అదే సైజులో ప్రాసెసర్ నిదానంగా కట్టినంత నాణ్యత రాదు. తొందరేముంది? మగ్గాలు ఆగాక, రాత్రిపూట వరుసగా పెట్టాడు. పాత వీడియోలో ప్రతి బొమ్మనూ సరి గీతలు, బేసి గీతలుగా రెండు విడతల్లో నమోదు చేస్తారు. దాన్ని సరిచేయకపోతే మనుషులు కదిలినప్పుడల్లా చీర అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి. మొదటి రెండు రాత్రులూ ఆ అమరిక కోసమే పోయాయి. చీరల మధ్య బతికేవాడికి చీర అంచు చెడితే నచ్చుతుందా?

వచ్చిన ఫలితం సెకనుకు 2 మెగాబిట్లు, అంటే గంటకు 900 ఎంబీ. వీహెచ్ఎస్ బొమ్మకు అంతకు మించి ఇచ్చినా కొత్తగా కనిపించేదేమీ లేదు. తల్లి ఒక రోజు డేటాలో గంట క్యాసెట్ మొత్తం చూడొచ్చు. ఊళ్లో సిగ్నల్ పలచబడినప్పుడు మాత్రం పెట్టె అప్పటికప్పుడు సగానికి తగ్గించి పంపుతుంది. క్విక్ సింక్ అసలు అవసరం అప్పుడే.

మిగిల్చిన డబ్బు 2 టీబీ డిస్కులు రెండింటికి పోయింది. మార్చిన ఫైళ్లతోపాటు 780 జీబీ అసలు డీవీ ఫైళ్లూ రెండింటిలోనూ ఉన్నాయి. రేపు ఇంతకంటే మంచి పద్ధతి వస్తే మళ్లీ మొదలుపెట్టాల్సింది వాటితోనే. ఒక డిస్కు పై అంతస్తులో, పెట్టె పక్కన ఉంది. రెండోది దీపావళి సెలవుల్లో భివండీ వెళ్లి అక్క బీరువాలో చేరింది. ఖాడీ ఎంత పొంగినా భివండీ దాకా రాదు కదా. ఇంట్లో ఇంత ఖర్చు దేనికని ఎవరూ ఎందుకు అడగలేదంటే, అప్పటికే అందరూ పెళ్లి క్యాసెట్ చూశారు.

తల్లి మాత్రం తండ్రి మాట్లాడిన చోటు మూడుసార్లు చూసి, ఆయన గురించి ఏమీ అనలేదు. ఆయన వెనక నిలబడ్డ ఓ ఆడమనిషి దగ్గర ఆపమంది. "గామె మా చిన్నక్క గాదు? ఆమె బిడ్డ పెండ్లి క్యాసెట్ గూడ మనింట్లనే ఉండె, అది తియ్యి" అంది. రేకు పెట్టె అడుగున, నీళ్లు తాకిన వరుసలో, బూజు పట్టి వీసీఆర్‌లో పెట్టడానికి వీల్లేకుండా ఏడు క్యాసెట్లున్నాయి. ఆ పెళ్లి వాటిలో ఉంది. వాటిని విప్పి, రీలు తుడిచి, వేరే డబ్బాలోకి మార్చగలిగిన మనిషి కోసం అతను ఇప్పుడు వెతుకుతున్నాడు.