తుంపరలో తీగ

జగదల్‌పూర్‌కు 38 కి.మీ. దూరాన, చిత్రకోట్ వద్ద ఇంద్రావతి గుర్రపునాడా ఆకారంలో దాదాపు 95 అడుగుల కిందికి దూకుతుంది. అడుగున మడుగులో పర్యాటకులను తిప్పే చిన్న పడవలు నీటితెర సమీపం దాకా వెళ్తాయి. ఎండాకాలమైనా ఒళ్లు తడవక తప్పదు.

ఇలాంటి పడవకు బ్యాటరీతో దీపమో హారనో బిగించాలంటే ఎవరైనా ముందు షాక్‌కు భయపడతారు. 12 వోల్టుల దగ్గర అసలు భయం మంట గురించి. తీగ ఒరుసుకుని షార్టయితే లెడ్ యాసిడ్ బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. తీగ మీది తొడుగు క్షణాల్లో అంటుకుంటుంది. అందుకే ఫ్యూజు ఉండాల్సింది దీపం పక్కన కాదు, బ్యాటరీ పాజిటివ్ కొసకు జానెడు లోపు.

తుంపర చేసే చేటు మాత్రం నిదానం. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులోకి తేమ దూరి రాగికి చిలుము పడుతుంది, దీపం మసకబారుతుంది. చాలామంది బల్బు మార్చేస్తారు, పాపం దాని తప్పేమీ లేకపోయినా. తగరపు పూత ఉన్న రాగితీగ, లోపల జిగురుండి వేడికి బిగుసుకునే గొట్టం కాస్త ఖరీదే. కానీ తడిని ఆపేవి అవే. బ్యాటరీని పట్టీతో కదలకుండా కట్టినా దాని పెట్టెకు గాలి ఆడనివ్వాలి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది.

వానాకాలంలో ఇంద్రావతి ఎర్రబారి పొంగితే పడవలు ఒడ్డెక్కుతాయి. అతుకులు విప్పి చూసుకోవడానికి అదే అదను.