ఉత్తరాల పేజీ

1980ల నడుమ బెజవాడలో ఒక వారపత్రికలో సబ్‌ఎడిటర్‌గా చేరగానే నా బల్ల మీద ఒక సంచి బోర్లించారు. అన్నీ పాఠకుల ఉత్తరాలే. పదిహేను పైసల కార్డులు ఎక్కువ, ఇన్‌లాండులు కొన్ని, స్టాంపు చాలని కవర్లు అక్కడక్కడా. అలాంటి కవరుకు తగ్గిన సొమ్ముకు రెట్టింపు మనమే కట్టి పోస్ట్‌మాన్ దగ్గర విడిపించుకోవాలి. తీరా డబ్బిచ్చి తీసుకుంటే లోపల తిట్లు!

"మెచ్చుకోళ్లు రెండు చాలయ్యా" అన్నారు ఎడిటరుగారు. "కథతో పేచీ పెట్టుకున్నవి వెయ్యి. రాసినవాళ్లతో పేచీ పెట్టుకున్నవి తీసెయ్యి." నన్నడిగితే ఆ రెండు మెచ్చుకోళ్లూ ఎక్కువే.

అప్పుడు మా పత్రికలో ఒక సీరియల్ నడుస్తోంది. కథానాయిక మొగుణ్ణి వదిలి వచ్చేస్తుంది. ఇక చూస్కోండి, రచయిత్రిగారి కాపురం ఎలాంటిదో తేల్చేస్తూ కార్డులు గుట్టపడ్డాయి. వాటిలో చాలామటుకు సంతకం లేని ఆకాశరామన్నలవే. అవేవీ పేజీ ఎక్కలేదు, ఆవిడ దాకా పోనూలేదు. ఆ గుట్టలోనే రిటైరైన కోర్టు గుమాస్తా ఒకాయన రాసిన కార్డు దొరికింది. పెళ్లయిన మూడు నెలలకే హీరోయిన్ విడాకులకు దావా వేసినట్టు రాశారు, హిందూ వివాహ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఏడాది నిండాలి, అంతకుముందే వేయాలంటే కోర్టు ప్రత్యేకంగా అనుమతించాలి, ఆ ముక్క కథలో ఏదీ అని అడిగారాయన. ఒక్క తిట్టు లేదు. ఎడిటరుగారు దాన్ని పేజీలో అన్నిటికన్నా పైన వేయించారు. రచయిత్రిగారు ఫోన్ చేసి కోప్పడ్డారు. నవల పుస్తకంగా వచ్చినప్పుడు మాత్రం ఆ ప్రకరణం మార్చుకున్నారు.

పొగడ్తల్లోనూ దొంగలుండేవారు. ఒకసారి ఒకే కథను ఆకాశానికెత్తుతూ నాలుగైదు ఊళ్ల పేర్లతో కార్డులొచ్చాయి. ఏలూరట, ఒంగోలట, వరంగల్లట. తిప్పి చూస్తే అన్నిటి మీదా ఒకే పోస్టాఫీసు ముద్ర, అదీ రచయితగారి ఊరిదే. ఎడిటరుగారు నవ్వి ఊరుకున్నారు. మేం ఏదీ వేయలేదు.

పేరు అచ్చులో వద్దనేవాళ్లు వేరు. ఇంట్లో తెలిస్తే గొడవని రాసే ఆడవాళ్లు ఉండేవారు. వాళ్ల పేరూ చిరునామా మా దగ్గర భద్రంగా ఉంచుకుని ఉత్తరం వేసేవాళ్లం. అసలు ఊరూ పేరూ లేనివాటితోనే చిక్కు. పరువు తీసే రాతని తెలిసీ అచ్చువేసినవాడిది కూడా నేరమేనని శిక్షాస్మృతి 501వ సెక్షన్ చెప్పేది. ప్రతి సంచికలో ఎడిటరు పేరు, ప్రచురణకర్త పేరు అచ్చవుతాయి కనక సమన్లు వాళ్లకే వస్తాయి. ఆకాశరామన్న హాయిగా ఇంట్లో ఉంటాడు.

తీసెయ్యడం కన్నా కుదించడం కష్టం. రెండు ఠావుల ఉత్తరాన్ని అయిదు వరుసలకు దించాలి, మాట తియ్యొచ్చు గాని మనదంటూ ఒక్క మాట చేర్చకూడదు. అంతా చేశాక కంపోజింగులో చోటు చాలక చివరి వరుస ఎగిరిపోయేది. "నా ఉత్తరం గొంతు కోశారు" అని మళ్లీ కార్డు వచ్చేది. ఆ కార్డులూ వేసేవాళ్లం, ఎంతో కొంత కోసి.

పత్రికలకు రాసేవాళ్లకు ఒక మాట. ఊరూ పేరూ రాయండి. పేచీ ఉంటే మొదటి వాక్యంలోనే పెట్టండి, నమస్కారాలు చివర్లో చెప్పుకోవచ్చు.