పొయ్యిలో మొక్కజొన్న

అమెరికాలో మొక్కజొన్నకు అయోవా రాష్ట్రం పెట్టింది పేరు. అక్టోబరులో మా అబ్బాయి ఇంటికి వెళ్ళేసరికి, మనవాళ్ళు ఎండాకాలంలో ఆవకాయకు హడావుడి పడ్డట్టు, అక్కడ చలికాలానికి హడావుడి పడుతున్నారు.

కారు షెడ్డులో 50 సంచులు పేర్చి ఉన్నాయి. సంచి 40 పౌన్లు, అంటే సుమారు 18 కిలోలు. అన్నీ కలిస్తే వాళ్ళ లెక్కలో ఒక టన్ను. లోపలివి రంపపుపొట్టును గట్టిగా నొక్కిన గుళికలు. జిగురు అక్కర్లేదుట, వేడికి కర్రలోని లిగ్నినే అంటిస్తుందిట. తడి తగిలిందా, మళ్ళీ పొట్టే! అందుకే నేలకు ఆననివ్వకుండా చెక్కలమీద పేర్చారు.

పక్కన డ్రమ్ముల్లో ఎండిన మొక్కజొన్న గింజలు. గింజలొక్కటే కాలిస్తే బూడిద గడ్డకడుతుందని, కోడలు రెండూ కలిపి పొయ్యి తొట్టిలో పోసింది. నా గుండె గతుక్కుమంది.

"గింజలు తగలబెడతారుటమ్మా!"

"ఇవి మనం తినేవి కావు, మామయ్యగారూ. పశువుల దాణాకూ, కార్లకు ఇథనాలుకూ పోయేవి."

పశువుది మాత్రం ఆకలి కాదూ అనబోయి ఊరుకున్నాను.

డిసెంబరులో ఒక రాత్రి మంచుతుఫానుకు కరెంటు పోయింది. గింజల్ని నెట్టే మరా, గాలి విసిరే ఫ్యానూ ఆగిపోయాయి. షెడ్డునిండా సరుకుండీ ఇల్లు మంచుగడ్డయింది. మనవణ్ణి రగ్గులో పొదువుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. వాడి పాదాలు చల్లబడుతుంటే నాకు వేరే ధర్మం ఏదీ తోచలేదు.

పొద్దున్నే కరెంటు వచ్చింది. గింజలకు దణ్ణం పెట్టి, మొదటి దోసెడు నేనే పోశాను.