ఏడిదాక వచ్చినవ్ బిడ్డా?

సంగారెడ్డి దాటి, జోగిపేట మీదుగా నిజాంపేట దాకా జాతీయ రహదారిపై వచ్చి, అక్కణ్నుంచి పక్కకు మళ్లితే నారాయణఖేడ్. చుట్టుపక్కల వాళ్లకు ఒట్టి 'ఖేడ్'. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్ల పైమాటే. ఇటు బీదర్, అటు మహారాష్ట్ర దగ్గరే కాబట్టి బజారులో తెలుగుతో పాటు కన్నడ, మరాఠీ కూడా వినిపిస్తాయి. దారి పొడవునా పత్తి, కంది చేలు.

ఈ దారిలో ఇంకో దృశ్యమూ మామూలైపోయింది... మెడ పక్కకు వంచి, చెవికీ భుజానికీ మధ్య సెల్‌ఫోన్ ఇరికించి బైకు నడిపేవాళ్లు. అవతలి నుంచి వచ్చే ప్రశ్న తరచూ ఒకటే. "ఏడిదాక వచ్చినవ్ బిడ్డా?" పట్నం పోయిన కొడుకు చీకటి పడకముందే ఇల్లు చేరాలని తల్లి ఆరాటం. ఆ ఆరాటమే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 16 మీటర్లకు పైగా ముందుకెళ్తుంది. ఫోన్ చేసిందెవరోనని ఐదు సెకన్లు తెర వంక చూస్తే, 80 మీటర్లకు పైగా కళ్లు మూసుకుని నడిపినట్టే! ఆలోపు వెనక లైటు లేని ట్రాక్టరో, చేను నుంచి ఇంటికొచ్చే ఎడ్లో ఎదురుకావచ్చు. ఫోన్‌ వాడుతూ నడిపితే ప్రమాదం ముప్పు దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా పెద్ద తేడా ఉండదు. చేతులు ఖాళీగా ఉన్నా, ధ్యాస మాటల్లోనే ఉంటుంది మరి.

ఖేడ్ ఒకప్పుడు మెదక్ జిల్లాలో ఉండేది. అదే జిల్లాలోని మాసాయిపేటలో 2014 జులై 24న కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొంది. పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ సమయంలో డ్రైవర్ ఫోన్‌లో మాట్లాడుతున్నాడని అప్పట్లో వార్తలొచ్చాయి. డ్రైవర్ కూడా బతకలేదు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, చేతిలో ఫోన్ పట్టుకుని నడపడాన్ని ప్రమాదకర డ్రైవింగ్ కిందే లెక్కగట్టింది. జరిమానాయే కాదు, జైలు శిక్ష కూడా ఉంది. కానీ ప్రతి మలుపులో పోలీసు ఉండడు కదా!

ఇంట్లోవాళ్లే ఓ కట్టుబాటు పెట్టుకోవచ్చు. బయల్దేరేటప్పుడు ఒక ఫోన్, చేరాక ఒక ఫోన్. మధ్యలో మాట్లాడాల్సి వస్తే బండి పక్కకు ఆపాకే. పొరపాటున ఎత్తాడా... "బండి మీదున్నవా? పెట్టెయ్ బిడ్డా, ఇంటికొచ్చినంక మాట్లాడుకుందాం" అంటే చాలు.