మూగజీవుల పక్షమున ఒక విన్నపము

దయ యనునది మనుష్యుని హృదయమున పుట్టవలసినదే గాని శాసనముచే పుట్టునది కాదని పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే. అయినను దయ కలుగువఱకు పశువు దెబ్బలు తినుచు వేచియుండజాలదు గదా! హృదయమున దయ లేనివానికి హద్దు చూపుటకే శాసనము పుట్టినది. కాని ఆ శాసనమున ఏమి వ్రాయబడియున్నదో ఎవరును ఎరుగనిచో అది యుండియు లేనిదే యగును. ఈ సంవత్సరము పదవ తరగతి విద్యార్థులము ఏడుగురము కలిసి జంతుసంరక్షణ చట్టములను గూర్చి కొంత చదివితిమి, కొంత విచారించితిమి, కొంత ప్రయత్నమును చేసితిమి. ఆ వృత్తాంతమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఇట్టి చట్టములు ఏ దేశమునను సులభముగ రాలేదు. ఇంగ్లండునందు 1821వ సంవత్సరమున రిచర్డు మార్టిన్ అను పార్లమెంటు సభ్యుడు గుఱ్ఱములను హింసింపరాదని ఒక బిల్లును తెచ్చెను. గాడిదలకును ఆ రక్షణ నొసగవలెనని మఱియొక సభ్యుడు పలుకగా సభ యంతయు పగులబడి నవ్వెనట. ఆ బిల్లు నెగ్గలేదు. మార్టిన్ వెనుదీయక మఱుసటి సంవత్సరమే, అనగా 1822లో, పశువులను క్రూరముగ హింసించుట నేరమని చట్టము చేయించెను. చట్టము కాగితముపై నిద్రింపకుండ చూచుటకు 1824లో ఆర్థర్ బ్రూమ్ అను మతగురువు మొదలగువారు లండనునగరమందలి యొక కాఫీహోటలున సమావేశమై సంఘమును స్థాపించిరి. బానిసల విముక్తికై పాటుపడిన విల్బర్‌ఫోర్సుగారును ఆ సమావేశమున నుండిరి. నరుని సంకెలను చూచి నొచ్చిన హృదయమే పశువు మెడమీది పుండును చూచియు నొచ్చెనని మేము గ్రహించితిమి.

మన దేశమున 1861లో కోల్స్‌వర్దీ గ్రాంటు అను చిత్రకారుడు కలకత్తాలో ఇట్టి సంఘమునే నెలకొల్పెను. 1890లో దేశమంతటికిని ఒక చట్టము వచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట అది చాలదని తలచినవారిలో శ్రీమతి రుక్మిణీదేవి అరండేలు ముఖ్యురాలు. మన బాలికలు ఆమెను కళాక్షేత్ర స్థాపకురాలుగ, భరతనాట్యమునకు గౌరవము తెచ్చిన విదుషీమణిగ ఎరుగుదురు. 1952లో రాజ్యసభకు నియమింపబడిన ఆమె తన స్వంత బాధ్యతపై జంతుహింసా నివారణ బిల్లును సభలో ప్రవేశపెట్టెను. ప్రభుత్వమే సమగ్రమైన చట్టమును తెచ్చునని ప్రధాని నెహ్రూగారు మాట యొసగగా ఆమె తన బిల్లును ఉపసంహరించుకొనెను. కొన్ని వత్సరములు గడచిన తరువాత 1960లో ఆ చట్టము వచ్చెను. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలయ్యెను. తన పేరున రావలసిన చట్టము వేఱొక విధమున వచ్చినను ఆమె చిన్నబుచ్చుకొనక దానిని నడపించుటకు పూనుకొనెను. ఒక కార్యము నెగ్గుట ముఖ్యమా, అది నా వలన నెగ్గినదనిపించుకొనుట ముఖ్యమా యను ప్రశ్నకు ఆమె నడత చక్కని సమాధానము.

ఇక ఆ చట్టమున నేమున్నదో చూతము. జంతువును తన అధీనమున నుంచుకొన్న ప్రతి మనుష్యుడును దాని క్షేమమునకు తగిన ఏర్పాటులు చేయవలెననియు, దానికి అనవసరమైన బాధ కలుగకుండ చూడవలెననియు మూడవ విధి చెప్పుచున్నది. కొట్టుట, అధికముగ తోలుట, అధికమైన బరువు వేయుట, రోగముతోనో పుండుతోనో పనికి తగనిస్థితిలో నున్న పశువుచే పని చేయించుట, చాలినంత మేత, నీరు, నీడ ఈయకుండుట, ఇవన్నియు పదునొకండవ విధిలో నేరములుగ చెప్పబడినవి. ఈ చట్టము ననుసరించి 1965లో బండ్లు లాగు పశువులను గూర్చియు, బరువులు మోయు పశువులను గూర్చియు ప్రత్యేక నియమములు వెలువడినవి. రోజు మొత్తముమీద తొమ్మిది గంటలకు మించి పశువుచే పని చేయింపరాదు. విశ్రాంతి లేకుండ అయిదు గంటలకు మించి తోలరాదు. మేకులు గల కఱ్ఱను వాడరాదు. గాడిదపై 50 కిలోగ్రాములకు మించి వేయరాదు. ఒకప్పుడు పార్లమెంటు సభలో నవ్వులపాలైన గాడిదకు మన నియమములలో ఒక పంక్తి దొరికినందుకు మా తరగతి యంతయు సంతోషించెను.

మమ్ము మిక్కిలి ఆకర్షించిన నియమము వేఱొకటి కలదు. వేడిమి 37 డిగ్రీల సెంటిగ్రేడును మించిన చోట మధ్యాహ్నము పండ్రెండు గంటలకును మూడు గంటలకును నడుమ పశువుచే బండి లాగింపరాదు, బరువు మోయింపరాదు. దీనిని చదివినప్పుడు మార్చి, ఏప్రిలు మాసములలో మాకు జరుగు ఒంటిపూట బడులు జ్ఞప్తికి వచ్చినవి. ఎండకు బాలబాలికలు తాళలేరని తలచియే గదా ప్రభుత్వమువారు మమ్ము పండ్రెండున్నరకే ఇండ్లకు పంపుచున్నారు! మేము పుస్తకములు నెత్తిన పెట్టుకొని ఇండ్లకు పరుగెత్తు ఆ వేళనే ఏటిరేవునుండి ఇసుకబండ్లు గట్టెక్కుచుండును. ఎద్దుల నోట నురుగు కారుచుండును. ఒకే సూర్యుని క్రింద ఒకే గడియలో మాకు సెలవు, వానికి ఎక్కుడుదారి.

మా సాంఘికశాస్త్రోపాధ్యాయులవారు మాతో ఇట్లనిరి: “జాలిపడుట మంచిదే. కాని విన్నపము వ్రాయువాడు జాలిని వ్రాయరాదు, చూచినదానిని వ్రాయవలెను.” అందుచే మేము సైన్సుగదినుండి ఉష్ణమాపకమును అడిగి తెచ్చుకొని రేవుదాపున మామిడిచెట్టు నీడను వ్రేలాడగట్టితిమి. పండ్రెండు దినములపాటు ప్రతిదినమును బడి విడిచిన వెంటనే అక్కడికి పోయి వేడిమిని, గంటను, బండ్ల సంఖ్యను ఒక నోటుపుస్తకములో వ్రాసితిమి. వానిలో తొమ్మిది దినములు నీడయందే 37 డిగ్రీలు దాటెను. బండ్లవారి పేరులను మాత్రము వ్రాయలేదు. ఎవరినైనను పట్టించుట మా యుద్దేశము కాదు.

నాలుగవనాడు ఒక ముసలి బండివాడు మమ్ము చూచి బండి నిలిపి, ఏమి వ్రాయుచున్నారని అడిగెను. మేము నియమమును చదివి వినిపించితిమి. అతడు కోపపడలేదు. తలగుడ్డతో ఎద్దు మూపు తుడుచుచు ఇట్లనెను: “బాబూ, ఈటిని నా బిడ్డల్లే సాకాను. ఎండలో తోలాలని నాకేమన్నా సరదానా? రేవులో పార పట్టేదే పది దాటాక. పొద్దున్నే ఎత్తనిస్తే పదకొండుకల్లా ఎడ్లకి నీళ్లు పెట్టి నీడన కట్టుకోనూ? మధ్యాహ్నం మానితే నాకు ఒక్క తిరుగుడే దక్కుద్ది. దాంతో ఎడ్లు తినాలా, మేం తినాలా?” మేము నిరుత్తరులమైతిమి. అతని ఎద్దుల మెడలమీద పుండ్లు లేవు, కాడికి పాతగుడ్డలు మెత్తగ చుట్టబడియుండెను. ఈ నియమమును ఉల్లంఘించువాడు ఇతడే. శిక్ష పడినచో పడునది ఇతనికే. కాని పార పట్టు వేళను నిర్ణయించువాడు ఇసుక గుత్తకు తీసికొన్న పెద్దమనిషి. అతడు ఏ ఎద్దునకును పగ్గము పట్టినవాడు కాడు.

ఈ చిక్కును విప్పినవారు మా ఊరి పశువైద్యులు. మేము తీసికొనిపోయిన కాగితమును వారు నిదానముగ చదివి, ఒక మాటపై వ్రేలుంచి, “ఇక్కడ చూడుడు. పశువుచే పని చేయించువాడని మాత్రమే కాదు, చేయించుటకు కారకుడగువాడని కూడ నున్నది. పగ్గము పట్టినవాని చేతివద్దనే చట్టము ఆగిపోలేదు” అనిరి. ఒక్క మాట! దానిని మేము పదిసార్లు చదివియు గమనింపలేదు. చట్టమును చదువుట పాఠమును చదువుటవంటిది కాదనియు, ప్రతి పదమును త్రాసులో పెట్టి తూచవలెననియు నాడు తెలిసికొంటిమి.

అంతట మేము విన్నపమును వ్రాసితిమి. అందు పండ్రెండు దినముల లెక్కను చేర్చితిమి, నియమమును ఉదాహరించితిమి, బండివారిని నిందింపలేదు. మూడు కోరికలు మాత్రమే కోరితిమి. రేవులో ఇసుక నెత్తుట తెల్లవాఱుజామున అయిదున్నరకు ప్రారంభింపవలెను. పదునొకండున్నరనుండి మూడువఱకు ఆపవలెను. గట్టుమీద పశువులకు నీళ్ళతొట్టి యొకటి కట్టింపవలెను. దానిపై విద్యార్థులమే గాక పదునొకండుగురు బండివారును వ్రేలిముద్రలో సంతకములో చేసిరి. మా విన్నపమునకు బలము వచ్చినది ఆ వ్రేలిముద్రలవలననే. పిల్లల వ్రాతను చూచి చిఱునవ్వు నవ్విన పంచాయతీ పెద్దలు ఆ ముద్రలను చూచి కుర్చీలలో సర్దుకొని కూర్చుండిరి.

గుత్తదారుడు మొదట వీలుకాదనెను. తెల్లవాఱుజామున కూలీలు రారనెను. కూలీలను అడుగగా ఎండ ఎక్కకమునుపు పని ముగియుట తమకును మేలే యనిరి. పిదప పెద్దల మాటపై అతడు అంగీకరించెను. నీళ్ళతొట్టి కట్టబడెను. అయినను ఫలము సంపూర్ణమని మేము చెప్పము. నెలాఖరున పని తొందరపడినప్పుడు మిట్టమధ్యాహ్నమున మఱల బండ్లు నడచినవి. అడుగగా, “కేసు పెట్టించినను ఏభై రూపాయలే గదా!” యని ఒకరు నవ్విరి.

ఆ నవ్వునకు చట్టమే చోటిచ్చినది. 1960నాటి చట్టమున, 1982లో జరిగిన సవరణ పిమ్మటను, పశుహింసకు మొదటి తప్పునకు విధింపబడిన జరిమానా పది రూపాయలకు తక్కువ కాకుండ, ఏభై రూపాయలకు మించకుండ నుండెను. మూడేండ్లలోపల మఱల తప్పుచేసినచో ఇరువదియైదు మొదలు నూఱు రూపాయలవఱకు జరిమానాయో, మూడు మాసముల కారాగారమో, లేక రెండునో విధింపవచ్చును. ఆ దినములలో ఏభై రూపాయలన్నచో కాపువాని గుండె జల్లుమనియుండును. నేడు అది ఒక పూట పలహారమునకు చాలునో చాలదో! రూపాయి విలువ క్రుంగినకొలదియు ఎద్దు ప్రాణము విలువయు క్రుంగవలెనా?

ఈ లోపమును పెద్దలు ఎరుగకపోలేదు. 1976నాటి రాజ్యాంగ సవరణచే ప్రాణులయెడ కరుణ కలిగియుండుట ప్రతి పౌరునికిని కర్తవ్యముగ విధింపబడెను. 2014లో సుప్రీముకోర్టువారు ఒక తీర్పునందు ఆకలిదప్పులనుండి, భయమునుండి, నొప్పినుండి, అసౌకర్యమునుండి విముక్తియు, తమ సహజప్రవర్తనకు అవకాశమును జంతువులకు ఉండవలెనని చెప్పి, శిక్షలను పెంచవలసినదని పార్లమెంటునకు సూచించిరి. 2022 నవంబరులో కేంద్రప్రభుత్వమువారు సవరణబిల్లు ముసాయిదాను వెలువరించి ప్రజల అభిప్రాయములను కోరిరి. రుక్మిణీదేవిగారివలె సభలో నిలిచి మాటలాడు భాగ్యము అందఱికిని కలుగదు. కాని అభిప్రాయము కోరబడినప్పుడు పౌరుడు మౌనము వహించినచో ఆ మౌనమును పశువుల పక్షమున ఎవరును లెక్కింపరు.

అందుచే మేము మా నియోజకవర్గపు పార్లమెంటు సభ్యులకు మఱియొక విన్నపము పంపితిమి. జరిమానాను పెంచవలసినదని కోరితిమి. దానితోడనే ఒక హెచ్చరికయు చేర్చితిమి. జరిమానా పెరిగి, అది బండివానిపైననే పడి, బండివేళను శాసించినవాడు తప్పించుకొనిపోయినచో ఒక మూగజీవిని రక్షించుటకై మఱియొక బీదకుటుంబమును కూల్చినట్లగును. కనుక కారకుడైనవానికి ఎక్కువ శిక్షయు, ప్రతి రేవునను, సంతయందును నీరు, నీడ ఏర్పఱచు బాధ్యతయు చట్టమున స్పష్టముగ నుండవలెనని వ్రాసితిమి. ప్రత్యుత్తరము ఇంకను రాలేదు. వచ్చువఱకు ప్రతి మూడు మాసములకును జ్ఞాపికను పంపుటకు నిశ్చయించుకొంటిమి.

ఈ సంచికను చదువు తల్లిదండ్రులకు ఒక మనవి. మీలో ఇండ్లు కట్టించుచున్నవారు కలరు, కట్టింపబోవువారును కలరు. ఇసుకయు, ఇటుకలును మీ వాకిటికి వచ్చినప్పుడు కిరాయి ఎంతయని అడుగుదురు గదా. ఏ గంటకు తోలితివని కూడ అడుగుడు. సాయంకాలము తోలినను మాకు చాలునని చెప్పుడు. తొందరపెట్టువాడు గుత్తదారుడొక్కడే కాడు. గుత్తదారుని తొందరపెట్టువారు సరకు కోరినవారే. కారకుడను ఆ పదము ఎంతదూరము వ్యాపించునో న్యాయవాదులు నిర్ణయింతురుగాక; మనస్సాక్షి యెదుట మాత్రము అది మన వాకిలివఱకును వచ్చును.

మేము ఈ మార్చినెలలో పరీక్షలు వ్రాసి పాఠశాలను విడిచిపోవుచున్నాము. ఉష్ణమాపకమును సైన్సుగదిలో మఱల అప్పగించితిమి. నోటుపుస్తకమును తొమ్మిదవ తరగతి సోదరసోదరీమణులకు అప్పగించుచున్నాము. అందు ఇంకను అఱువది పుటలు ఖాళీగ నున్నవి. ఒంటిపూట బడులు ప్రారంభమైన దినమునుండియే వ్రాయవలసినదని వారిని కోరుచున్నాము.