రోహిణి కార్తెలో మా దొడ్డి

పిల్లలూ! నేను ముప్పై ఆరేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. అందులో చివరి పదకొండేళ్ళు హెడ్‌మాస్టరును. ఉద్యోగం మానినా అలవాటు మానలేదు. మా దొడ్డిలోని మొక్కలకు కూడా ఒక రిజిస్టరు పెట్టాను. ప్రతి శుక్రవారం సాయంకాలం ఏ మొక్క ఎంత ఎదిగింది, ఏది పూసింది, ఏది కాసింది చూసి, పదికి ఇన్ని అని మార్కులు వేస్తాను. మా ఇంటావిడ అది చూసి, "మార్కులు సరే, కూరకు కాయలేవీ?" అని నవ్వుతుంది.

మా ఊరు విజయవాడకు దగ్గరలోనే, బందరు పోయే దారిలో ఉన్నది. దొడ్డి మూడు సెంట్లు. తూర్పున పందిరి వేసి సొరపాదు, బీరపాదు పాకించాము. నడుమ వంగ, బెండ, టమాటా మళ్ళు. బావి దగ్గర తోటకూర, గోంగూర, బచ్చలి. వీధివైపు మల్లె, కనకాంబరం, మందార.

రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయని పెద్దలు అంటారు. మే నెలాఖరున మొదలై జూన్ మొదటి వారం దాటేదాకా ఉండే కార్తె ఇది. మా రోలు పగలలేదు గాని, నేల మాత్రం పగిలింది. మాది నల్లరేగడి. నీరు తాగితే ఈ మట్టి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. అందుచేత నాలుగు రోజులు తడి లేకపోతే చెయ్యి దూరేటంత బీటలు పడతవి. ఆ బీటలలోనుంచి వేడిగాలి లోపలికి పోయి వేళ్ళ దగ్గరి చెమ్మను కూడా పీల్చేస్తుంది.

పైగా కాలువలో నీరు లేదు. కృష్ణమీద 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. మన డెల్టా కాలువలకు నీరు అక్కడినుంచే వస్తుంది. పంటలు అయిపోగానే వేసవిలో కాలువలు కట్టివేస్తారు. మంచినీళ్ళ చెరువులు నింపటానికి మాత్రం అప్పుడప్పుడు వదులుతారు. కాలువ నీరు నేలలోకి ఇంకి మా బావిలో ఊరుతుంది. కనుక కాలువ ఎండితే బావీ దిగుతుంది. ఈ ఏడు లెక్క చూస్తే, దొడ్డి మొత్తానికి రోజుకు ఇరవై బకెట్లకు మించి నీళ్ళు లేవు.

ఇంతలో సెలవులకు మా మనుమరాలు హైదరాబాదునుంచి వచ్చింది. ఏడో తరగతి పాసైంది. రిజిస్టరు దానికి బాగా నచ్చింది. ఆ శుక్రవారం మార్కులు అదే చదివింది: "తోటకూర తొమ్మిది, మల్లె తొమ్మిది, బెండ ఆరు, టమాటా ఒకటి, సొర సున్న!"

"సొర పీకేద్దాం. రోజుకు మూడు బకెట్లు తాగుతున్నది. నెలనుంచి ఒక్క కాయ లేదు. ఆ నీళ్ళు బెండకు పోస్తే నయం," అన్నాను.

"ఎందుకు కాయటం లేదో దాన్ని అడిగావా, తాతయ్యా?" అన్నది.

"మొక్కను అడగటమేమిటే?"

"నాకు మార్కులు తక్కువొస్తే అమ్మ ముందు అడుగుతుంది. తరవాతే తిడుతుంది."

పిల్లలూ, ఆ మాట వినగానే నాకు చాలా ఏళ్ళనాటి సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. అప్పుడు నేను కాలువ చివరి ఊళ్ళలో ఒకదానిలో పంతులును. ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడు రోజూ మొదటి గంటలోనే నిద్రపోయేవాడు. నేను కోప్పడ్డాను, బెంచీ ఎక్కించాను. చివరకు ప్రోగ్రెస్ రిపోర్టులో ఎర్రసిరాతో "ప్రగతి లేదు" అని రాశాను. సంక్రాంతి తరవాత వాడు బడికి రాలేదు. వాళ్ళ ఇంటికి వెళ్ళి కనుక్కుంటే తెలిసింది. కాలువ చివరి పొలాలకు వంతులవారీగా నీరు వస్తుంది. వాళ్ళ వంతు రాత్రిపూట. తండ్రికి జబ్బు. కుర్రవాడే లాంతరు పట్టుకుని తెల్లవార్లూ గట్టుమీద కాపలా ఉండి, నీరు కట్టి, ఉదయం బడికి వచ్చేవాడు. నేను ఒక్కసారి "ఎందుకురా?" అని అడిగి ఉంటే చెప్పేవాడే. నేను వెళ్ళేసరికి పనికోసం ఎక్కడికో వెళ్ళిపోయాడు. మళ్ళీ వాణ్ణి చూడలేదు.

ఇదంతా మనుమరాలికి చెప్పలేదు. "సరే, ఒక వారం చూద్దాం," అని మాత్రం అన్నాను.

ఆ సాయంకాలం ఇద్దరం పందిరి కింద కుర్చీలు వేసుకుని కూర్చున్నాము. పొద్దు వాలాక సొరపువ్వులు ఒక్కొక్కటే తెల్లగా విచ్చుకున్నవి. మనుమరాలు లెక్కపెట్టింది, పద్నాలుగు. అందులో పదమూడింటికి సన్నని పొడుగాటి కాడలు. ఒక్కదానికి మాత్రం పువ్వు వెనక బొటనవేలంత బుల్లి సొరకాయ! అదే ఆడపువ్వు. మిగిలినవన్నీ మగపువ్వులు. సొర జాతిలో మొదట మగపువ్వులే వస్తవి. ఎండ ఎక్కువైనా, పగటి పొద్దు పెరిగినా అవే మరీ ఎక్కువవుతవి. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అంటితేనే పిందె నిలుస్తుంది. సొర రాత్రి పూసే మొక్క గనక, ఆ పని ముఖ్యంగా రాత్రి తిరిగే రెక్కల పురుగులు చేస్తవి. మేము చీకటి పడేదాకా చూశాము. ఒక్క పురుగూ రాలేదు.

అప్పుడు ఒక మగపువ్వు కోసి, రేకులు తీసివేసి, నడుమనున్న పుప్పొడిని ఆడపువ్వు నడిబొడ్డున మెల్లగా రాయించాను. మరునాడు, ఆ మరునాడు ఇంకో రెండు ఆడపువ్వులకు మనుమరాలే చేసింది. ఒక పిందె పసుపుపచ్చగా మారి రాలిపోయింది. రెండు నిలిచినవి!

టమాటా సంగతి వేరు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్ళు కూడా ఉక్కగా ఉంటే టమాటా పుప్పొడి సరిగా పనిచెయ్యదు, పూత రాలిపోతుంది. విజయవాడలో ఈ రోజులలో 42, 43 డిగ్రీలు మామూలు. ఇప్పుడు ఎన్ని నీళ్ళు పోసినా కాయలు రావు. దాన్ని బతికించటమే మన పని. అదే ఎండకు మల్లె విరగబూస్తున్నది. చలికాలంలో కొమ్మలు కత్తిరించి ఆకు దూసినందుకు అది ఫలితం. ఒకే ఎండ ఒకరికి పండుగ, ఇంకొకరికి జ్వరం!

మీరు కూడా ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. రెండు కుండీలలో ఒకే మట్టి నింపి, ఒకే కొలత నీరు పొయ్యండి. ఒకదానిమీద బెత్తెడు మందాన వరిగడ్డిగాని, ఎండుటాకులుగాని పరవండి. మూడోనాడు రెండిటిలోనూ వేలు గుచ్చి చూడండి. మా మనుమరాలు అలా చూసిన తరవాతే, దొడ్డిలోని మళ్ళన్నిటికీ గడ్డి కప్పాము. నీళ్ళు ఇప్పుడు పొద్దువాలాక మాత్రమే పోస్తున్నాము. ఇరవై బకెట్లు పదిహేనుకు దిగినవి.

నిన్న మళ్ళీ శుక్రవారం. మనుమరాలు ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూనే రిజిస్టరు తెచ్చింది. సొరకాయలు రెండూ జానెడు దాటినవి. సొరకు ఏడు వేశాను. టమాటా దగ్గర కలం ఆగింది. పువ్వు లేదు, కాయ లేదు. మార్కు వెయ్యకుండా, "ఎండకు ఓర్చుకుంటున్నది. చల్లబడ్డాక చూడాలి," అని రాశాను.

"పాత సున్న కొట్టెయ్యనా, తాతయ్యా?" అని మనుమరాలు రబ్బరు తీసింది.

"వద్దమ్మా, ఉండనీ. అది సొరకు వచ్చిన సున్న కాదు," అన్నాను.